ఏమిటో తెలుసు, ఎక్కడో తెలీదు: బరువైన గేజ్ బోసాన్ల వేట

ఫిజిక్స్ వార్తల మీద ఓ కన్నేసి ఉంచేవాళ్ళకి రెండు రకాల హెడ్డింగులు బాగా పరిచయం. మొదటిది ‘కొలైడర్‌లో కొత్త కణం జాడ!’. రెండోది, ఏడాదో రెండేళ్ళో గడిచాక, ‘కొత్త కణం లేనట్టే’. ఈ రెండింటి మధ్యలో అసలేం జరిగిందో మాత్రం వార్తలో ఉండదు. అందుకే చాలామందికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది: థియరీ వాళ్ళు నోటికొచ్చిన కణాన్నల్లా ఊహిస్తారు, ప్రయోగం వాళ్ళు వెతికి లేదంటారు, మళ్ళీ కొత్త ఊహ మొదలవుతుంది.

నేను చదువుతున్నది ఈసీఈ. ఫిజిక్స్ నాకు సిలబస్ కాదు, సరదా. ఆ సరదాతోనే జెడ్ ప్రైమ్, డబ్ల్యూ ప్రైమ్ అనే రెండు ఊహాకణాల కథ వెంట కొన్నాళ్ళు పడ్డాను. అప్పుడు అర్థమైంది, పై అభిప్రాయంలో సగమే నిజమని. ఈ కణాలు ‘ఏమిటి’ అన్నదాంట్లో ఊహకి చోటు చాలా తక్కువ. ‘ఎక్కడ’ అన్నదాంట్లోనే చిక్కంతా. ఈ తేడా పట్టుకుంటే ఆ హెడ్డింగులు చదివే పద్ధతే మారిపోతుంది.

గేజ్ అంటే కొలతే

గేజ్ అనే మాటకి అర్థం కొలత. పూర్వం మన ఊళ్ళలో ధాన్యాన్ని కుంచాలతో, మానికలతో కొలిచేవాళ్ళు. ఈ ఊరి కుంచమూ ఆ ఊరి కుంచమూ ఒకటే కానక్కర్లేదు. ఎవరి కుంచం వాళ్ళు వాడుకున్నా రాశిలో ఉన్న ధాన్యం మారదు. కాకపోతే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకు తీసుకెళ్ళే వ్యాపారికి మాత్రం ‘ఇక్కడి ఒక కుంచం అక్కడ ఎంత’ అనే లెక్క కావాలి. ఊళ్ళకి ఆ స్వేచ్ఛ ఉన్నంతకాలం ఆ లెక్క లేకుండా వ్యాపారం నడవదు.

మన భాషలో చెప్పాలంటే, సర్క్యూట్‌లో గ్రౌండ్ ఎక్కడ పెట్టుకున్నా వోల్టేజి తేడాలు మారవు కదా, అలాంటి స్వేచ్ఛే ఇది. ప్రకృతి ఆ స్వేచ్ఛని ప్రతి బిందువుకీ విడివిడిగా ఇచ్చిందనుకోండి. అప్పుడు బిందువుకీ బిందువుకీ మధ్య లెక్క సరిచూడ్డానికి ఒక క్షేత్రం ఉండి తీరాలి. ఆ క్షేత్రమే బలం. దాని కణమే గేజ్ బోసాన్. అంటే గేజ్ బోసాన్‌ని ఎవరూ పనిగట్టుకుని ఊహించరు. ముందు ఒక సౌష్ఠవాన్ని ఒప్పుకుంటారు, కణం దాని వెనకాలే వస్తుంది. ఎన్ని కణాలు వస్తాయి, వాటి స్పిన్ ఎంత, ఏ కణంతో ఎలా కలుస్తాయి అన్నవన్నీ ఆ సౌష్ఠవమే నిర్ణయిస్తుంది.

ఇప్పటికి మనకి తెలిసిన లెక్క 12. ఫోటాన్ ఒకటి. బలహీన కేంద్రక బలాన్ని మోసే డబ్ల్యూ ప్లస్, డబ్ల్యూ మైనస్, జెడ్ మూడు. ప్రోటాన్‌లోని క్వార్కులను పట్టి ఉంచే గ్లుయాన్లు ఎనిమిది. వీటిలో ఫోటాన్, గ్లుయాన్లకు ద్రవ్యరాశి లేదు. డబ్ల్యూ, జెడ్‌లు మాత్రం మహా బరువు. ప్రోటాన్ ద్రవ్యరాశి సుమారు 0.94 జీఈవీ అయితే డబ్ల్యూది 80.4, జెడ్‌ది 91.2 జీఈవీ.

ఈ బరువు ఏదో ప్రయోగశాలలో పనికొచ్చే అంకె మాత్రమే అనుకోవద్దు. బలాన్ని మోసే కణం ఎంత బరువైతే, తక్కువ శక్తి దగ్గర ఆ బలం అంత నీరసంగా కనిపిస్తుంది. సూర్యుడి నడిబొడ్డున రెండు ప్రోటాన్లు కలిసే మొదటి చర్యకి డబ్ల్యూ కావాలి. అది అంత బరువు కాబట్టే ఆ చర్య అంత అరుదు. సగటున ఒక ప్రోటాన్ వందల కోట్ల ఏళ్ళు ఎదురుచూడాలి. సూర్యుడు ఒక్కసారిగా భగ్గుమనకుండా ఇన్నాళ్ళుగా నిదానంగా వెలుగుతున్నాడంటే అందులో డబ్ల్యూ బరువుకి పెద్ద వాటానే ఉంది.

అడ్రసుతో సహా దొరికిన జోస్యం

గ్లాషో, సలామ్, వైన్‌బర్గ్‌లు 1960లలో విద్యుదయస్కాంత బలాన్నీ బలహీన బలాన్నీ ఒకే చట్రంలోకి తెచ్చారు. ఆ చట్రం డబ్ల్యూ, జెడ్ ఉండాలంది. ఎక్కడుంటాయో చెప్పడానికి రెండు అంకెలు చాలు. ఒకటి, రేడియోధార్మిక బీటా క్షయం, మ్యుయాన్ క్షయం ఎంత వేగంగా జరుగుతాయో చెప్పే ఫెర్మీ స్థిరాంకం. రెండోది, రెండు బలాలూ ఏ పాళ్ళలో కలిశాయో చెప్పే ‘వైన్‌బర్గ్ కోణం’. 1973లో సెర్న్‌లోని గార్గమెల్ బబుల్ ఛాంబర్‌లో జెడ్ ప్రభావం పరోక్షంగా కనిపించింది. అక్కణ్ణుంచి ఈ రెండో అంకె కూడా కొలతకి అందింది.

లెక్క ఎంత చిన్నదో చూడండి. డబ్ల్యూ ద్రవ్యరాశి అంటే 37.3 జీఈవీని ఆ కోణం సైన్‌తో భాగించడం. సైన్ వర్గం 0.23 అనుకుంటే సైన్ 0.48, జవాబు దాదాపు 78. దాన్ని కొసైన్‌తో భాగిస్తే జెడ్‌ది దాదాపు 89. చిన్న చిన్న క్వాంటం సవరణలు కలిపితే రెండూ ఇంకో మూడు శాతం దాకా పెరుగుతాయి. అంటే 80, 91. అప్పటికింకా ఆ కణాలను ఎవరూ చూడలేదు!

అడ్రసు చేతిలో ఉంది కాబట్టి మిగిలింది ఇంజనీరింగే. సెర్న్‌లో అప్పటికే ఉన్న ఎస్‌పీఎస్ యంత్రాన్ని ప్రోటాన్, యాంటీప్రోటాన్ ఢీకొనేలా మార్చాలని కార్లో రుబియా పట్టుబట్టారు. చెల్లాచెదురుగా పుట్టే యాంటీప్రోటాన్లను ఒక క్రమమైన పుంజంగా కూర్చే ‘స్టొకాస్టిక్ కూలింగ్’ పద్ధతిని సైమన్ వాన్ డర్ మీర్ అందించారు. అది పూర్తిగా ఫీడ్‌బ్యాక్ ఎలక్ట్రానిక్స్ అని చెప్పుకోవడానికి ఈసీఈ వాడిగా నాకు కొంచెం గర్వం. 1983లో డబ్ల్యూ, జెడ్ రెండూ చెప్పిన చోటే దొరికాయి. మరుసటి ఏడాదే ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇంకా ఉన్నాయని ఎందుకు అనుకుంటున్నారు?

12 దగ్గరే లెక్క ఆగిపోవాలని ఎక్కడా లేదు. ఉన్న సౌష్ఠవం ఇంకా పెద్ద సౌష్ఠవంలో ముక్క అయితే గేజ్ బోసాన్లు కూడా పెరగాలి. ఇలా అనుకోడానికి కారణాలు చాలా ఉన్నాయి, నాకు బాగా నచ్చినవి రెండు చెప్తాను.

మొదటిది చేతివాటం. బలహీన బలానికి ఎడమ చేతివాటం ఉంది. డబ్ల్యూ ఎడమవాటం కణాలతోనే కలుస్తుంది, కుడివాటం వాటిని అసలు పట్టించుకోదు. 1957లో వెలువడిన వూ ప్రయోగం కోబాల్ట్-60 క్షయంలో ఈ పక్షపాతాన్ని బయటపెట్టింది. మిగతా బలాల్లో లేని పక్షపాతం దీనికెందుకు? 1970ల మధ్యలో ఒడిశాకి చెందిన జోగేశ్ పతి, రవీంద్రనాథ్ మహాపాత్ర, వాళ్ళతోపాటు అబ్దుస్ సలామ్, గోరన్ సెంజనోవిచ్ ఒక జవాబు తయారుచేశారు. ప్రకృతి మూలంలో రెండు చేతులూ సమానమే. కుడిచేతి డబ్ల్యూ కూడా ఉంది. కాకపోతే అది చాలా బరువు కాబట్టి మన శక్తుల దగ్గర దాని ఉనికి తెలీడం లేదు. ఈ కుడిచేతి డబ్ల్యూ, డబ్ల్యూ ప్రైమ్ కుటుంబంలో ముఖ్యమైనది. ఈ చట్రంలో కుడివాటం న్యూట్రినోలు తప్పనిసరి. మామూలు న్యూట్రినోలు ఎందుకంత తేలికో చెప్పడానికి కూడా అవి దారి చూపిస్తాయి.

రెండోది ఏకీకరణ. బలాలన్నీ ఒకే పెద్ద సౌష్ఠవం నుంచి వచ్చాయనుకుంటే దానికి ఎస్‌ఓ10, ఈ6 లాంటి గణిత సమూహాలు బాగా సరిపోతాయి. పెద్ద సమూహం విరిగి ఇప్పటి సౌష్ఠవంగా మారేటప్పుడు, మిగులు ముక్క ఒకటి బయటపడొచ్చు. ఎస్‌ఓ10లో అలాంటివి ఒకటి, ఈ6లో రెండు. ఒక్కో ముక్కకీ ఒక్కో తటస్థ బోసాన్. అదే జెడ్ ప్రైమ్. ఇవి కాక అదనపు పరిమాణాల సిద్ధాంతాల్లోనూ, హిగ్స్‌ని ఇంకో రకంగా వివరించే సిద్ధాంతాల్లోనూ ఇలాంటి కణాలే తేల్తాయి. వేర్వేరు దారుల్లో వచ్చినవాళ్ళు ఒకే వీధిలో కలుసుకోవడం లాంటిది ఇది.

ఇక్కడే అసలు విషయం. కణం ఏమిటో సౌష్ఠవం చెప్తుంది. దాని బరువు మాత్రం ఆ సౌష్ఠవం ఏ శక్తి దగ్గర విరిగిందో దాన్ని బట్టి ఉంటుంది. డబ్ల్యూ, జెడ్‌ల విషయంలో ఆ శక్తి ఎంతో బీటా క్షయం ముందే చెప్పేసింది. జెడ్ ప్రైమ్‌కి అలా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అది 6 టీఈవీ కావచ్చు, 60 కావచ్చు, మనిషి ఎన్నటికీ అందుకోలేనంత పైన కావచ్చు. మనిషి ఎవరో, ఎలా ఉంటాడో తెలుసు, ఊరే తెలీదు.

వెతికే పద్ధతి

జెడ్ ప్రైమ్ పుట్టీ పుట్టగానే విడిపోతుంది. విడిపోయినప్పుడు కొన్నిసార్లు ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంట, కొన్నిసార్లు మ్యుయాన్ జంట వస్తుంది. డిటెక్టర్‌కి దొరికేది ఈ జంటే. ఆ రెండింటి శక్తులు కూడండి, ద్రవ్యవేగాలను వెక్టర్లుగా కూడండి. సరైన యూనిట్లలో మొత్తం శక్తి వర్గంలోంచి మొత్తం ద్రవ్యవేగం వర్గం తీసేసి వర్గమూలం కడితే తల్లికణం ద్రవ్యరాశి వచ్చేస్తుంది. లక్షల ఘటనలకి ఇలా లెక్కగట్టి హిస్టోగ్రామ్ వేస్తే, నిజమైన కణం ఉన్నచోట దిబ్బలాగా లేస్తుంది.

ఇది మనం మన లాప్‌టాప్‌లోనే చేసి చూసుకోవచ్చు. సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో సీఎంఎస్ డిటెక్టర్ 2010లో నమోదు చేసిన లక్ష మ్యుయాన్ జంటల ఫైలు ఉచితంగా ఉంది. నేను పైథాన్‌లో ఇరవై లైన్లు రాసి గ్రాఫ్ వేశాను. 3.1 జీఈవీ దగ్గర జే-సై, 9.5 దగ్గర ఉప్సిలాన్, 91 దగ్గర సాక్షాత్తూ జెడ్. నోబెల్ తెచ్చిన కణం హాస్టల్ రూములో స్క్రీన్ మీద లేచి నిలబడితే కలిగే ఆనందం చెప్పడానికి నాకు మాటలు చాలవు, మీరే ప్రయత్నించండి. ఆ ఫైలు 110 జీఈవీ దగ్గర ఆగిపోతుంది. జెడ్ ప్రైమ్ వేట దాని కుడివైపున, ఘటనలు పలచబడిపోయే తోకలో జరుగుతుంది.

ఆ తోకలో ఇంజనీరింగ్ తిప్పలు కూడా ఉన్నాయి. మ్యుయాన్ ద్రవ్యవేగాన్ని అయస్కాంత క్షేత్రంలో దాని దారి ఎంత వంగిందో చూసి కొలుస్తారు. టీఈవీ స్థాయి మ్యుయాన్ దాదాపు నిటారుగా పోతుంది. వంపు లేకపోతే కొలత ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎలక్ట్రాన్‌ది ఇందుకు తలకిందులు. దాని శక్తి మొత్తం కెలోరిమీటర్‌లో దిగిపోతుంది కాబట్టి శక్తి పెరిగేకొద్దీ శాతంలో కొలత మెరుగవుతుంది. డబ్ల్యూ ప్రైమ్ విషయంలో ఇంకో చిక్కు. అది విడిపోయినప్పుడు వచ్చే న్యూట్రినో డిటెక్టర్‌కి చిక్కకుండా పోతుంది. అందుకని పూర్తి ద్రవ్యరాశి కట్టలేరు. పుంజానికి అడ్డదిశలో లెక్కించిన ద్రవ్యరాశితోనే సరిపెట్టుకోవాలి. అక్కడ చక్కటి దిబ్బ రాదు, మెల్లగా లేచి ఒక్కసారిగా పడిపోయే అంచు వస్తుంది.

సున్నా కూడా ఒక కొలతే

లార్జ్ హాడ్రన్ కొలైడర్ 2015 నుంచి 2018 వరకు 13 టీఈవీ శక్తితో నడిచింది. ఆ డేటా అంతా చూశాక అట్లాస్, సీఎంఎస్ రెండూ చెప్పింది ఇదీ: మామూలు జెడ్‌లాగే ప్రవర్తించే జెడ్ ప్రైమ్ ఉంటే దాని బరువు సుమారు 5.1 టీఈవీ కంటే ఎక్కువే అయ్యుండాలి. అలాంటి డబ్ల్యూ ప్రైమ్‌కి అట్లాస్ పెట్టిన హద్దు 6 టీఈవీ. ఏమీ దొరకని చోట ఈ అంకెలు ఎలా వచ్చాయి?

కీలకం 3 అనే అంకె. సగటున 3 ఘటనలు రావాల్సిన చోట ఒక్కటీ రాకపోయే సంభావ్యత పాయిజాన్ సూత్రం ప్రకారం ఎంత? ఎక్స్‌పొనెన్షియల్ మైనస్ 3, అంటే 0.05. కాబట్టి ‘3 వస్తాయని చెప్పిన సిద్ధాంతానికి సున్నా వస్తే’ దాన్ని 95 శాతం నమ్మకంతో తోసేయొచ్చు. అట్లాస్ సేకరించిన డేటా 139 ఇన్వర్స్ ఫెంటోబార్న్‌లు. అంటే 1 ఫెంటోబార్న్ అవకాశం ఉన్న చర్య అందులో 139 సార్లు జరిగి ఉంటుంది. 3ని 139తో భాగిస్తే 0.02. అంతకంటే పెద్ద అవకాశంతో పుట్టాల్సిన కణమేదీ ఆ శక్తి దగ్గర లేదన్నమాట. అసలు పేపర్లలో డిటెక్టర్ సామర్థ్యం, నేపథ్య ఘటనలు, అనిశ్చితులు అన్నీ కలుస్తాయి గానీ, లోపలి ఎముక ఇదే. సిద్ధాంతం గీసిన గీత ఎక్కడ ఈ హద్దు కిందకి దిగుతుందో అదే ‘5.1’.

ఇది చదివేటప్పుడు ‘మామూలు జెడ్‌లాగే ప్రవర్తించే’ అన్న షరతు మర్చిపోకూడదు. అది పోల్చుకోవడానికి పెట్టుకున్న ఒక నమూనా. ఈ6 నుంచి వచ్చే ఒక రకం జెడ్ ప్రైమ్‌కి హద్దు దాదాపు 4.5 టీఈవీయే. ఇంకా బలహీనంగా కలిసేదైతే ఇంకా తక్కువ బరువులోనే దాక్కుని ఉండొచ్చు.

మరి 13 టీఈవీ యంత్రంతో 13 దాకా ఎందుకు చూడలేరు? ఢీకొనేది ప్రోటాన్లే అయినా, జెడ్ ప్రైమ్‌ని పుట్టించేది లోపలి ఒక క్వార్కూ ఒక యాంటీక్వార్కూ. 5 టీఈవీ కావాలంటే రెండూ తమ ప్రోటాన్ శక్తిలో సుమారు 38 శాతం చొప్పున మోస్తుండాలి. ప్రోటాన్‌లో యాంటీక్వార్కులు ఉండేదే తక్కువ, అందులో అంత వాటా మోసేవి మరీ అరుదు. అందుకే డేటా ఎంత పెంచినా హద్దు నత్తనడక నడుస్తుంది. రాబోయే హై-ల్యూమినాసిటీ దశలో 3000 ఇన్వర్స్ ఫెంటోబార్న్‌లు, అంటే ఇరవై రెట్లకి పైగా డేటా తీసుకుంటారు. అయినా ఈ రకం జెడ్ ప్రైమ్‌కి చూపు 6, 7 టీఈవీల మధ్యకే చేరుతుందని అంచనా.

2015లో లేచిన దిబ్బ

సున్నా కాకుండా ఏదైనా కనిపిస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. 2015 జూన్‌లో అట్లాస్ బృందం పాత 8 టీఈవీ డేటాలో, డబ్ల్యూ-జెడ్ లాంటి బోసాన్ జంటల్లో, 2 టీఈవీ దగ్గర ఒక చిన్న దిబ్బని చూపించింది. ఆ ఒక్కచోటే చూస్తే 3.4 సిగ్మా. అంతకు ముందే సీఎంఎస్‌లో, కుడిచేతి డబ్ల్యూ కోసం వెతికిన ఇంకో దారిలో, 2.1 టీఈవీ దగ్గర 2.8 సిగ్మా మిగులు కనిపించి ఉంది. రెండూ పక్కపక్కనే! 2 టీఈవీ డబ్ల్యూ ప్రైమ్ మీద సిద్ధాంత పత్రాలు వరసగా వచ్చాయి.

కానీ ‘ఆ ఒక్కచోటే చూస్తే’ అన్న మాటలోనే మెలిక ఉంది. వందమంది నాణేలు ఎగరేస్తుంటే వాళ్ళలో ఒకరికి వరసగా ఆరు బొమ్మలు పడటం వింత కాదు. అలాగే హిస్టోగ్రామ్‌లో చాలా చోట్ల వెతికినప్పుడు ఎక్కడో ఒకచోట దిబ్బ లేవడం సహజం. ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటే 3.4 కాస్తా 2.5 అయింది. ఈ దిద్దుబాటు అట్లాస్ తన పేపర్‌లో తనే రాసుకుంది. కొత్త కణం దొరికిందని చెప్పాలంటే ఈ రంగంలో 5 సిగ్మా ఉండాలి. ఆ తర్వాత 13 టీఈవీ డేటా పోగయ్యేకొద్దీ దిబ్బ కరిగి చదునైపోయింది.

దీన్ని ఎవరో చేసిన పొరపాటుగా చూడనక్కర్లేదు. దిబ్బ నిజంగానే డేటాలో ఉంది. దాన్ని దాచకుండా చూపించారు, దాని బలమెంతో నిజాయితీగా చెప్పారు, మళ్ళీ కొలిచారు. హెడ్డింగుల్లో ఆ 2.5 రాకపోవడమే జరిగిన నష్టం.

ఇక మన వంతు

రేపు నిజంగానే ఒక దిబ్బ 5 సిగ్మా దాటి నిలబడిందనుకోండి. కథ అక్కడ మొదలవుతుంది. అది ఎలక్ట్రాన్లుగా ఎంత, క్వార్కులుగా ఎంత విడిపోతోంది, పుట్టిన ఎలక్ట్రాన్ ముందువైపు ఎక్కువ పోతోందా వెనకవైపా అన్న కొలతలతో అది ఈ6 పిల్లో, కుడిచేతి కుటుంబమో తేల్చొచ్చు. ‘ఏమిటి’ అన్నది సిద్ధాంతం ముందే చెప్పి ఉంచడంలో ఉన్న లాభం ఇదే.

దిబ్బ లేకపోతే? ఇప్పుడు సెర్న్ ముందున్న ప్రశ్న సరిగ్గా అదే. ఎల్‌హెచ్‌సీ చుట్టుకొలత 27 కిలోమీటర్లు. తర్వాతి యంత్రం కోసం 91 కిలోమీటర్ల సొరంగం ప్రతిపాదన బల్ల మీద ఉంది. అప్పట్లో ఎస్‌పీఎస్ యంత్రాన్ని మార్చినవాళ్ళ చేతిలో అడ్రసు ఉంది. ఇప్పుడు కట్టాలంటున్న వాళ్ళ చేతిలో లేదు. కట్టాలా వద్దా అన్నదానిపై పెద్ద పెద్ద శాస్త్రవేత్తల మధ్యే వాదనలున్నాయి. నా మట్టుకు నాకు, ‘తప్పకుండా దొరుకుతుంది’ అని ఆశపెట్టి డబ్బు అడగడం సరికాదనిపిస్తుంది. ‘ఇంతవరకు చూశాం, ఇక్కడిదాకా లేదు, ఇంకాస్త ముందుకి చూస్తాం’ అని అడగడమే నిజాయితీ. అలా అడిగితే జనం ఒప్పుకుంటారా అన్నది వేరే ప్రశ్న.

కొలైడర్ ఒక్కటే దారి కాదు కూడా. డబ్ల్యూని కళ్ళారా చూడ్డానికి దాదాపు యాభై ఏళ్ళ ముందే, 1930లలో, ఫెర్మీ బీటా క్షయ సిద్ధాంతంలో దాని నీడ పడింది. ఆ నీడ పొడవుని కొలిచే తర్వాతివాళ్ళు అడ్రసు కనుక్కున్నారు. జెడ్ ప్రైమ్ నీడ కూడా ఇప్పటికే మన దగ్గరున్న ఏదో కొలతలో, నాలుగో దశాంశ స్థానంలో పడి ఉండొచ్చు. అందుకే జెడ్, డబ్ల్యూల ధర్మాలను మరింత సూక్ష్మంగా కొలవడం కూడా ఈ వేటలో భాగమే.

కాబట్టి ఈసారి ‘కొత్త కణం జాడ’ అని కనిపిస్తే షేర్ చేసే ముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం: ఎన్ని సిగ్మాలు, అన్నిచోట్లా వెతికిన సంగతి కలుపుకునేనా? ‘ఏమీ దొరకలేదు’ అని కనిపిస్తే ఇంకో రెండు: ఏ నమూనాకి, ఎంత బరువు దాకా? ఈ నాలుగింటికీ జవాబు చెప్పని వార్త ఫిజిక్స్ గురించి మనకి చెప్పింది తక్కువే.